చింపలేని సంచి

శుద్ధ విదియ

ఈ రోజు మండలి నా దగ్గరికి ఒక పిల్లను పంపింది. పేరు ఎస్తేరు. కొత్తగా వస్తువుల రూపకల్పన నేర్చుకుంటోంది. కొత్తవాళ్ళు ఎవరైనా ఒక నెల నా కొట్లో పనిచేయాలని పాత నియమం ఒకటి ఉంది. దాన్ని తీసేయడం శోభనాద్రి మరిచిపోయాడు. గుర్తుంటే ఎప్పుడో తీసేసేవాడు. మండలి పెద్ద అయ్యాక అతను మరిచిపోయి చేసిన మంచి పని అదొక్కటే.

తిథి రాశాను గనక ఒక మాట. మేము భూమిని చూసి తిథులు లెక్క కడతాం. చంద్రుడి మీద నిలబడి చంద్రుణ్ణి చూడలేం కదా. అమావాస్యకి కిటికీలో నల్లటి భూమి, పౌర్ణమికి నిండు భూమి. ఇక్కడ పుట్టినవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు.

నా కొట్టుని జనం విరుపుల కొట్టు అంటారు, నన్ను విరుపుల తాత అంటారు. వస్తువుని కావాలని విరగ్గొట్టడానికి ఈ ఊళ్ళో అనుమతి ఉన్నది నాకొక్కడికే. మిగతావాళ్ళకి అది పాపం. గిన్నె పగిలినా గుడ్డ చిరిగినా, ఆ ముక్కలు చేత్తో పట్టుకుని కరుగుశాల గుమ్మం దాకా నడిచి, అక్కడ పదిమందిలో తమ పేరు తామే చెప్పుకోవాలి. మొదటి తరం వాళ్ళు తెచ్చుకున్నది కొంచెం, పోగొట్టుకున్నది చాలా. వాళ్ళ భయం మా ఆచారమైంది. ఇక్కడ పసిపిల్లలు కూడా బొమ్మని రెండు చేతులతో పట్టుకుంటారు.

ఎస్తేరు చేతిలో ఒక మూట ఉంది. విప్పి చూపింది. ఊపిరి సంచి. మూడో సొరంగంలో గోడ సన్నగా గాలి వదులుతోంది. ప్రమాదం వస్తే తలకి తొడుక్కోవలసిన పాత సంచులు జిగురు ఎండి పెళుసెక్కాయి. వాటి బదులు కొత్తవి చేసే పని ఈ పిల్లకి అప్పజెప్పారు. ఇది ఆమె మొదటి నమూనా.

అందంగా ఉంది, అబద్ధమెందుకు. రాతినారతో నేసిన తెల్లటి తొడుగు, ముందు అద్దపు పొర, మెడ దగ్గర ముడుచుకునే పట్టీ, లోపల ఊపిరి డబ్బా. అంతా మడిచి అరచేయంత పొట్లంలో పెట్టింది. పొట్లం అంచున ఎర్రటి పట్టీ. దాన్ని పట్టుకుని చింపితే సంచి బయటపడుతుంది.

"దీన్ని ఏం అడుగుదామని చేశావు?" అన్నాను.

"అడగడమేమిటి మాస్టారూ? చూపించడానికి చేశాను."

సరే, ఈ నెలంతా నాకు పని ఉంది అనుకున్నాను.

శుద్ధ చవితి

ఎస్తేరు ఈ రోజు తన నమూనాని భోజనశాలకి తీసుకెళ్ళింది. నేను వెనకాల కూర్చుని చూశాను.

కొత్తవాళ్ళు నమూనాని ఎలా వాడతారో నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. అచ్చం పెళ్ళిచూపుల్లో పిల్లని చూపించినట్టు చూపిస్తారు. ఒక్కటే చేస్తారు, అదీ ఆలస్యంగా, అన్నీ తేల్చుకున్నాక. మెరుగు పెడతారు. ఎవరి చేతికైనా ఇస్తే పక్కనే నిలబడి, ఇక్కడ పట్టుకోండి, అటు కాదు, ఇటు తిప్పండి అని చెబుతూనే ఉంటారు. చివరికి బాగుందా అని అడుగుతారు. ఒక ఆడపిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని బాగుందా అని అడిగితే బాగోలేదనే మొనగాడు ఎవడు? అందరూ బాగుందంటారు. ఆ మాట వినడానికే నమూనా చేసినవాళ్ళు అక్కడితో నేర్చుకోవడం ఆపేస్తారు.

ఎస్తేరూ ఇంతే. సంచి చేతులు మారింది. ముసలివాళ్ళు నేతని తడిమి చూశారు. ఎవరో అద్దపు పొరలో తల దువ్వుకున్నారు. అందరూ మెచ్చుకున్నారు. ఒక్కరూ పొట్లం తెరవలేదు. తెరిస్తే తెగిపోతుంది, ఉన్నది ఒక్కటే కదా. పొట్లంలో పెట్టని ఇంకో తొడుగుని అందరికీ తొడిగి చూపింది.

శోభనాద్రి కూడా అక్కడికి వచ్చాడు. మండలి యంత్రం ఒకటుంది. దాన్ని అందరూ అద్దం అంటారు. ఏ వస్తువైనా తయారుచేయకుండానే దాని కొలతలు అందులో వేస్తే, వేలమంది చేతుల్లో ఏమవుతుందో చూపిస్తుంది. మండలి చేత దాన్ని కొనిపించింది శోభనాద్రే. ఆ రోజు నుంచీ నా కొట్టు దుమ్ము పట్టింది. అద్దంలో ఈ సంచి అన్ని పరీక్షలూ నెగ్గిందని, రెండు శ్వాసల్లో తెరుచుకుందని అతను గట్టిగా ప్రకటించాడు. నిండు భూమి నాటికల్లా మూడో సొరంగం మొత్తానికి సంచులు అచ్చు వేయిస్తానన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎస్తేరు మొహం వెలిగిపోయింది.

నన్ను చూసి, "ఏమోయ్ గవర్రాజూ, ఇందులో విరగ్గొట్టడానికి నీకేం మిగల్లేదే" అన్నాడు.

ప్రపంచంలోని పుస్తకాలన్నీ చదివినా ఇలాంటివాడికి అప్పటికప్పుడు చెప్పే జవాబు మాత్రం ఎందులోనూ దొరకదు. కొట్టుకి వచ్చాక మూడు జవాబులు తోచాయి.

శుద్ధ సప్తమి

గని నుంచి మంచు మోసే పాత గోనెలు, చిక్కుడు జిగురు, రాతిపొడి ఎస్తేరు ముందు పెట్టాను. వీటితో సంచులు చెయ్యి, వికారంగా ఉన్నా ఫరవాలేదు, చాలా చెయ్యి, ఒక్కొక్కటీ ఒక్కొక్క సంగతి తేల్చుకోవడానికి చెయ్యి అన్నాను. మెడ పట్టీ కోసం ఒకటి, డబ్బా మీట కోసం ఒకటి, పొట్లం మడత కోసం ఒకటి.

ఆమెకి అవమానమైంది. అద్దంలో నెగ్గిన వస్తువుని గోనెతో మళ్ళీ చేయడమేమిటని అడిగింది. అందంగా ఉన్న నమూనాని జనం ముట్టుకోవడానికి కూడా జంకుతారని, గోనె సంచిని అయితే తిడతారని చెప్పాను. వాళ్ళ తిట్లే మనకి కావలసింది. ఆమె నమ్మలేదు. కానీ చేసింది. చేతుల్లో పనితనం ఉంది, పొగరు కూడా ఉంది. ఆ రెండూ లేనివాళ్ళకి నేను ఏదీ నేర్పలేను.

మొదటి గోనె సంచిని బల్లకి కట్టి, తెగేదాకా లాగమన్నాను. ఆమె తలుపు వైపు చూసింది. ఎవరైనా చూస్తారేమోనని. ఇక్కడ ఎవరూ నీ పేరు అడగరు అన్నాను. అయినా తను లాగలేదు, కుట్లు నా చేతనే తెంపించింది. చప్పుడు వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంది.

శుద్ధ దశమి

అచ్చియ్యమ్మ ఫిర్యాదుతో వచ్చింది. మూడో సొరంగంలో ఉంటుంది, మంచు గనిలో పని, వరసకి నాకు మరదలు. నా మొహం మీద నన్ను వెక్కిరించగలిగే మనిషి ఊళ్ళో ఆవిడొక్కతే.

"బావా, మా సొరంగంలో పప్పు ఉడకడం లేదు. నీళ్ళు ముందే తెర్లుతున్నాయి, గింజ మాత్రం రాయిలా ఉంటోంది. నీ పుస్తకాల్లో దీనికేమైనా ఉందా, లేక అవి కూడా ఉడకనివేనా?"

ఉంది. గాలి పలచబడితే నీళ్ళు తొందరగా మరుగుతాయి, వేడి మాత్రం చాలదు. అంటే గోడ అనుకున్నదానికంటే ఎక్కువ వదులుతోంది. ఆవిడకి నవ్వుతూ చెప్పాను గానీ నా కడుపులో నవ్వు లేదు. మండలికి కబురు పంపితే మరమ్మతు జరుగుతోందని, పూర్తయ్యేసరికి బహుళ పక్షం వస్తుందని జవాబొచ్చింది. ఈలోగా ఏదైనా అయితే ఆ సొరంగం వాళ్ళకి దిక్కు ఈ సంచులే.

నాకొక అనుమానం ఉండేది. మంచుపని చేతిజోళ్ళు వేసుకుంటే మెడ పట్టీ బిగించడం కుదరదని, ఆ కుట్టే విడిపోతుందని. మొదటి రోజు నుంచీ దాని మీదే నా కన్ను. ఎస్తేరు చేసిన ప్రతి గోనె సంచినీ జోళ్ళు వేసుకుని నేనే పరీక్షించాను. ఒక్కటీ విడిపోలేదు. మళ్ళీ చేయమన్నాను. మళ్ళీ విడిపోలేదు.

చివరికి ఆ పిల్ల సూది కింద పెట్టింది.

"మాస్టారూ, మీరు దీన్ని పరీక్షించడం లేదు. ఇది ఓడిపోవాలని చూస్తున్నారు. శోభనాద్రిగారి మీద కోపం నా కుట్టు మీద తీరుస్తున్నారు."

నిజమే అనిపించింది. అలా అనిపించినందుకు ఇంకా కోపం వచ్చింది. మెడ పట్టీ బాగుంది, ఆ సంగతి వదిలేద్దాం అన్నాను. నా నోట ఆ మాట రావడం ఈ కొట్లో గోడలు కూడా విని ఉండవు.

శుద్ధ ద్వాదశి

ఈ రోజు జరిగింది వివరంగా రాస్తాను.

అసలు పొట్లం లాంటివే గోనెతో కొన్ని చేశాం. ఎర్ర పట్టీ, లోపల సంచి, అంతా అదే కొలత. అచ్చియ్యమ్మని రమ్మన్నాం. ఆవిడ మనవరాలు బుల్లెమ్మని చంకనేసుకుని వచ్చింది. మూడేళ్ళ పిల్ల, గొంతు వింటే గని సైరన్ కూడా సిగ్గుపడుతుంది. ఎస్తేరుకి ఒకటే షరతు పెట్టాను. నోరు తెరవకూడదు. ఏం చేయాలో చెప్పకూడదు, బాగుందా అని అడగకూడదు.

కొట్లో పెద్ద దీపం తీసేసి, చిన్నది ఒక్కటే ఉంచి సైరన్ వేశాను. బుల్లెమ్మ ఏడుపు అందుకుంది. అచ్చియ్యమ్మ పొట్లం అందుకుంది. ఎర్ర పట్టీ మీద చింపమని గుర్తు ఉంది, గోనె నల్లగా ఉన్నా గుర్తు బాగా కనిపిస్తోంది. ఆవిడ దాన్ని చూసింది. పట్టీ అంచు గోటితో మెల్లగా లేపింది. ఇంకో వైపు తిప్పింది. అక్కడా గోటితో గీకింది. పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుని, మడత విప్పే దారి కోసం వేళ్ళతో వెతికింది. పిల్ల ఏడుస్తోంది, సైరన్ మోగుతోంది, ఆవిడ ముడి కోసం వెతుకుతోంది.

ఎస్తేరు ఇక ఆగలేకపోయింది. "చింపండి పెద్దమ్మా" అంది.

"చింపితే పాడైపోదూ?" అంది అచ్చియ్యమ్మ. "ఉండు, తీస్తున్నాగా."

నేను సైరన్ ఆపేశాను.

అచ్చియ్యమ్మకి ఏం తప్పు చేసిందో అర్థం కాలేదు. పొట్లాన్ని ఏమీ కాకుండా నా బల్ల మీద పెట్టింది, మంచి పని చేసినట్టే. నేను ఆవిడకి నచ్చజెప్పాను. మళ్ళీ చేయించాను. చింపాలని తెలిసి కూడా రెండోసారి చేయి ఆగింది. బలంలో లోటు లేదు, మంచు దిమ్మెలు ఎత్తే చెయ్యి అది. పుట్టినప్పటి నుంచీ దేన్నీ చింపని చెయ్యి కూడా అదే.

ఎస్తేరు ఇంకో పొట్లం తీసుకుంది. తను చేసిన పట్టీ, తను గీసిన గుర్తు. పట్టుకుని నిలబడింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఆమె చేసిన వస్తువుని ఆమె ఒక్కసారీ చింపలేదు. అద్దంలో చింపించింది, అంతే.

నేను తీసుకుని ఒక్క లాగు లాగాను. సుఖంగా చిరిగింది. అప్పుడు నాకు అర్థమైంది. అద్దంలో ఉన్న చెయ్యి నాలాంటి చెయ్యి. దాని బలం, కొలత, వేగం అన్నీ సరైనవే. దానికి సిగ్గు లేదు. ఈ ఊళ్ళో సిగ్గులేని చెయ్యి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. నేను జోళ్ళ గురించి, కుట్టు గురించి వెతికాను. అసలు లోపం నాకూ కనబడలేదు. అది ఎస్తేరు పట్టుకుంది, అచ్చియ్యమ్మ గోరు వైపు చూస్తూ పట్టుకుంది.

అచ్చియ్యమ్మ వెళ్ళాక ఎస్తేరు ఏడ్చింది. కాసేపయ్యాక మొహం తుడుచుకుని, అచ్చు ఎప్పుడు మొదలవుతుంది అని అడిగింది. మొదలైందని చెప్పాను.

శుద్ధ చతుర్దశి

మండలికి ఇద్దరం వెళ్ళాం. ఎస్తేరు చెప్పింది, నేను పక్కన కూర్చున్నాను. నేను మాట్లాడితే వినరని ఆమే అంది, అదీ నిజమే.

శోభనాద్రి ఓపిగ్గా విన్నాడు. వినడంలో అతన్ని మించినవాడు లేడు, విన్నది లెక్కలోకి తీసుకోవడమే చేతకాదు. ప్రాణం మీదికొస్తే ఎవడైనా చింపుతాడని, పరీక్షలో చింపకపోవడం వేరని అన్నాడు. అచ్చు సగం అయిందని, ఇప్పుడు ఆపితే మూడో సొరంగానికి ఏమీ ఉండదని కూడా అన్నాడు. రెండో మాటలో నిజముంది. మిగిలిన సభ్యులు తలలూపారు.

ఎస్తేరు తన మూటలోంచి ఒక గోనె పొట్లం తీసి అతని ముందు పెట్టింది. ఒక్కసారి చింపి చూపమంది.

అతను చేతిలోకి తీసుకున్నాడు. ఎర్ర పట్టీ మీద బొటనవేలు ఆనించాడు. చుట్టూ చూశాడు. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, మడత నలగకుండా అరచేత్తో సర్దాడు.

"ఎందుకమ్మా, ఒకటి దండగ" అన్నాడు.

నలభై ఏళ్ళుగా దాచుకున్న మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ అతనే స్వయంగా అనేశాక నేను అనవలసింది ఏముంది? అతనికీ తెలిసింది. చెవులు ఎర్రబడ్డాయి. ఈ మనిషి చెవులు ఎర్రబడటం చూడటానికే ఇంతకాలం బతికానేమో అనుకున్నాను.

"మరి వీటినేం చేద్దాం?" అన్నాడు చివరికి, ఎస్తేరుని చూస్తూ.

సంచి మార్చక్కర్లేదని, పొట్లం నోరు తెరిచే పద్ధతి మారిస్తే చాలని ఆమె చెప్పింది. అచ్చయినవాటికి పట్టీ కత్తిరించి కొత్త మూత పెట్టొచ్చు. కొన్ని రోజులు కావాలంది. ఇచ్చాడు.

నిండు భూమి

కొట్టు నిండా గోనె ముక్కలు. ఎస్తేరు నిద్ర మానేసింది. బొత్తాం పెట్టిన పొట్లం, తిప్పే మూత, మీట, ఒక్కొక్కటీ చేసి, తీసుకెళ్ళి, మూడో సొరంగంలో ఎవరో ఒకరి చేతికిచ్చి, పక్కన మాట్లాడకుండా నిలబడి చూసి వస్తోంది. వచ్చి పారేస్తోంది. ఇప్పుడు తనే విరగ్గొడుతోంది, కళ్ళు మూసుకోకుండా. ఒక్కోసారి గిన్నె కడుగుతున్నవాళ్ళకి తడిచేతిలోనే ఇచ్చేసింది. ఒకాయన నిద్రలో ఉంటే లేపి మరీ ఇచ్చింది. ఆయన తిట్టిన తిట్లు వచ్చి నాకు అప్పజెప్పింది, వన్నె తగ్గకుండా.

మధ్యాహ్నం జారుముడి వేసి తెచ్చింది. ఇక్కడ మంచు గోనెకి వేసే ముడి అదే. గనిలో పనిచేసినవాళ్ళందరికీ, అంటే ఊళ్ళో అందరికీ వస్తుంది. కొస పట్టుకుని గుంజితే ముడి ఊడిపోతుంది, ఏదీ తెగదు, గుంజినవాళ్ళకి సిగ్గు కలగదు. ఎస్తేరుకి తెలిసినది, నాకు తెలిసినది. రోజూ మంచు దించుకునేటప్పుడు ఇద్దరం గుంజుతాం. గుంజుతామని తెలియకుండా గుంజుతాం. అందుకే ఇంతకాలం తోచలేదు.

మొదటిది పనిచేయలేదు. కంగారులో రెండో కొస లాగితే ముడి ఇంకా బిగిసింది. రెండు కొసల్లో ఏది లాగినా విడేలా మార్చింది. బుల్లెమ్మ చేతికిస్తే, ఆ పిల్ల నోట్లో పెట్టుకుని పళ్ళతో లాగింది. విడింది. సరే, అది కూడా పద్ధతే.

ఇంతకీ నేను చేసిందేమిటంటే గోనె కత్తిరించి ఇచ్చాను. ఎవరి పనికైనా నేను గోనె కత్తిరించి ఇవ్వడం ఇదే మొదలు. చేతులు నొప్పెడుతున్నాయి, రాయడం ఆపుతాను.

బహుళ తదియ

సంచులు పంచారు. మనిషికి ఒకటి, వచ్చేపోయేవాళ్ళ కోసం గుమ్మానికి ఇంకొకటి, పిల్లలకి చిన్నవి. తెల్లటి తొడుగుల మీద మాసిన గోనె దారాలు వేలాడుతున్నాయి. చూడటానికి ముసలి పెళ్ళికూతురికి తాటాకు మెట్టెలు పెట్టినట్టు ఉంది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ దారం తీసి మంచిది పెట్టకూడదా అని ఒకావిడ అడిగింది. ఎస్తేరు నవ్వి ఊరుకుంది.

బహుళ షష్ఠి

గోడ పగిలింది.

నేను అచ్చియ్యమ్మ ఇంట్లోనే ఉన్నాను. ఉడకని పప్పుని ఎలా తినాలో చూపిస్తానని పిలిచింది. ముందు చెవులు గుయ్యిమన్నాయి. తర్వాత గది మొత్తం తెల్లటి పొగ కమ్ముకుంది, గాలి ఒక్కసారిగా పలచబడితే అంతే. సైరన్ మోగిందో లేదో తెలియదు. అచ్చియ్యమ్మ చేతిలో గిన్నె జారింది, గింజలు తీరిగ్గా కిందికి రాలుతున్నాయి, ఇక్కడ ఏదైనా తీరిగ్గానే పడుతుంది. ఆ గింజలు నేలని తాకే లోపల ఆవిడ తలకి సంచి ఉంది. బుల్లెమ్మ తలకి చిన్నది, నా తలకీ ఒకటి. పొగలో ఆ పిల్ల నోరు తెరుచుకుని ఏడుస్తుండటం అద్దపు పొర వెనక కనబడింది. గొంతు వినబడలేదు. నాకు ఆ క్షణం ఇంకేం కావాలనిపించలేదు.

సొరంగం తలుపులు పడ్డాయి. పగిలిన చోటు మూసి, గాలి నింపి, మమ్మల్ని బయటికి తెచ్చేసరికి సంచుల్లో ఊపిరి అడుగంటింది. అందరం బయటికి వచ్చాం. ముసలివాళ్ళు, పసివాళ్ళు, కాలు విరిగి మంచాన ఉన్న ఒకాయన కూడా. పేర్లు పిలిచినప్పుడు ఎస్తేరు తలుపు దగ్గరే నిలబడి ఉంది. చివరి పేరుకి జవాబు వచ్చేదాకా కూర్చోలేదు.

బహుళ అష్టమి

మండలి సభ పెట్టింది. సంచి గురించి సొరంగంవాళ్ళని నాలుగు మాటలు చెప్పమన్నాడు శోభనాద్రి. ఎస్తేరు ముందు వరసలో కూర్చుంది. కొత్త చీర కట్టుకుంది పాపం.

ఒకాయన లేచి పొగ గురించి చెప్పాడు. ఇంకొకరు చెవుల నొప్పి గురించి చెప్పారు. అచ్చియ్యమ్మ లేచి, పప్పు మొత్తం నేలపాలైందని, దానికి మండలి ఏం చేస్తుందని అడిగింది. సంచి ఎలా తెరిచారని శోభనాద్రి రెట్టించి అడిగితే, ఆవిడ ఆలోచించింది.

"ఏమో బాబూ, ఉంది కదా తలమీద" అంది.

ఎవరికీ గుర్తులేదు. ఎస్తేరు సభయ్యాక ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడిగింది. ఏ కొస లాగారు, ఏ చేత్తో లాగారు, ముడి కనబడిందా అని. పిల్లల తలలు నిమిరారు, దేవుడు చల్లగా చూశాడని చెప్పారు, ముడి గురించి మాత్రం ఒక్కరూ చెప్పలేకపోయారు. శుద్ధ చవితి నాడు భోజనశాలలో చుట్టూ మూగినవాళ్ళే వీళ్ళంతా.

కొట్టుకి వచ్చేసరికి ఆమె మొహం వాడిపోయి ఉంది. చివరికి నన్ను కూడా అడిగింది.

"మీరు చెప్పండి మాస్టారూ. మీకు అన్నీ గుర్తుంటాయి కదా. ఏ కొస లాగారు?"

చెప్పబోయాను. పొగ గుర్తుంది. గింజలు గుర్తున్నాయి. బుల్లెమ్మ నోరు గుర్తుంది. నలభై ఏళ్ళు ఇతరుల చేతుల్ని చూసినవాణ్ణి, నా చేతులు ఆ క్షణం ఏం చేశాయో ఎంత వెతికినా దొరకలేదు.

"తెలీదే అమ్మాయ్" అన్నాను.

ఆమె వాడిన మొహం మెల్లగా విచ్చుకుంది. ఇంకేమీ అడగకుండా కిందున్న గోనె ముక్కలన్నీ ఏరి బుట్టలో వేసి, చేతులు దులుపుకుని, రేపు పొద్దున్నే వస్తానని చెప్పి వెళ్ళింది.

నా జీవితంలో నేను చేసిన వస్తువుల గురించి ఎవరెవరు ఏమేమన్నారో నాకు ఒక్కొక్కటీ గుర్తుంది. పొగిడినవాళ్ళు, తిట్టినవాళ్ళు, పొగుడుతూనే కొట్టు మూయించబోయినవాళ్ళు. ఈ సంచి గురించి ఎవరూ ఏమీ అనలేదు. అంత గొప్ప వస్తువు నా కొట్లోంచి ఇంతవరకూ బయటికి వెళ్ళలేదు.